చీలలక్క చెవి

చీల్చితే చీల, కోస్తే పుల్ల. చీలలక్క నోట రోజుకు పదిసార్లయినా వచ్చే మాట ఇది. రంపంతో కోసిన కర్రముక్క ఎంత నున్నగా, ఎంత ముద్దుగా ఉన్నా అది చీల కాదంటుంది ఆవిడ. రంపానికి కళ్ళు లేవు, కొయ్యలో నార ఎటు పోతోందో చూడదు, అడ్డంగా తెగ్గోసుకుంటూ పోతుంది. అలాంటిదాన్ని దూలంలో దిగ్గొడితే ఏదో ఒక రోజు పుటుక్కుమంటుంది. పచ్చి మొద్దును నిలువునా చీల్చాలి, నార ఎటు తీసుకెళ్తే మనమూ అటే వెళ్ళాలి. అదీ చీలంటే.

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా చీలలక్కా అనే పిలుస్తారు. మొగుడు పోయిన మరుసటేడు పనిముట్లు గోనెలో చుట్టుకుని తమ్ముడింటికి వచ్చేసింది. తమ్ముడు వడ్రంగి మేస్త్రి, ఇళ్ళకు కప్పులు కడతాడు. దూలాలు, స్తంభాలు, వాసాలు, వాటి అతుకులు అతని పని. ఆ అతుకులు ఊడకుండా బెజ్జాల్లో దిగ్గొట్టే కొయ్య చీలలు అక్క పని. ఇనుప మేకు ఒక్కటి కూడా వాడరు. ఈ పంపకం వాళ్ళ నాన్న చేసింది. "వాడి పనిలో నువ్వు వేలు పెట్టకు, నీ పనిలో వాడు వేలు పెట్టడు" అని ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి మరీ చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ ఆ మాట దాటలేదు. ఎంత బుద్ధిమంతులో చూడండి! ఒక్కసారి దాటి ఉన్నా ఈ కథ ఉండేది కాదు.

వెనక వసారాలో ఆవిడ పని చేస్తుంటే చూసి తీరాలి. మొద్దును నిలబెట్టి, నిలువు పిడి ఉన్న పొడుగాటి చీల్పుకత్తిని దాని తల మీద ఆనించి, కొయ్య గూటంతో ఒక్క దెబ్బ వేస్తుంది. కత్తి దిగాక పిడి పట్టుకుని ఇటొకసారి, అటొకసారి మెలిపెడితే చాలు, మొద్దు తనంతట తానే రెండుగా విడిపోతుంది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. అప్పుడు గుర్రం ఎక్కుతుంది. గుర్రమంటే గడ్డి తినేది కాదు. అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చునే పొడుగు పీట. కింద పలకను కాలితో తొక్కితే పైన దాని తల వంగి కర్రను కరిచి పట్టుకుంటుంది. రెండు చేతులతో రెండు పిడుల కత్తిని తన వైపు లాక్కుంటూ ఆవిడ చెక్కుతుంటే తడి చెక్కపొట్టు సుడులు సుడులుగా ఒళ్ళో పడుతుంది. ఎనిమిది పలకలు, కొసన కాస్త సన్నం. "గుర్రమెక్కిన ఆడపడుచుతో మాట పెట్టుకోకూడదమ్మా" అని మరదలు దూరం నుంచే ఏడిపిస్తుంది.

చెక్కేసినంత మాత్రాన చీల అయిపోదు. పచ్చిగా ఉన్నప్పుడు కాకపోతే కొయ్య చీలదు, మొక్కై వంగనిది మానై వంగునా? కానీ దూలంలోకి వెళ్ళేనాటికి మాత్రం చీల ఎముకలా ఎండి ఉండాలి. దూలం పచ్చిది, చీల ఎండుది. పచ్చి దూలం ఇంటి మీదే ఉండి నెమ్మదిగా ఎండుతూ, ముడుచుకుంటూ, లోపలున్న ఎండు చీలను పీక పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఇక అది మూడు తరాలకు కూడా కదలదు. అలా కాక పచ్చి చీల కొట్టారనుకోండి, అదీ ఎండుతుంది, సన్నబడుతుంది, బెజ్జంలో వదులైపోతుంది. ఇల్లు నిలబడే ఉంటుంది. ఏ రోజు దాకా అన్నదే ఎవరూ చెప్పలేరు.

అందుకని చెక్కిన చీలల్ని పొయ్యి పైన అటక మీద బుట్టల్లో ఆరు నెలలు ఉంచుతుంది. పొగకు నల్లబడి, సెగకు ఎండాక పరీక్ష. రెండు చీలలు చెవి పక్కన పెట్టుకుని ఒకదానితో ఒకటి కొడుతుంది. ఎండినవి కంచులా మోగుతాయి. పచ్చివి జలుబు చేసినవాడు పలికినట్టు పలుకుతాయి. మధ్యరకం ఉన్నాయే, పైకి ఎండి లోపల పచ్చిగా ఉండే దొంగలు, వాటిని పట్టడం ఆ చెవికి తప్ప ఇంకో చెవికి రాదు. "మా అక్క చెవి దాటి వచ్చిన చీలకు తిరుగులేదు" అని మేస్త్రి ఎక్కడ పని ఒప్పుకున్నా మొదట చెప్పే మాట అదే.

ఆ చెవి పనిచేయడం మానేసి రెండేళ్ళయింది.

మొదట కీచురాళ్ళు పోయాయి. తర్వాత పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడు పోయింది. ఆ తర్వాత మనుషులు నోట్లో నోట్లో గొణుక్కోవడం మొదలుపెట్టారు. "ఏం మనుషులో, అన్నం తినని వాళ్ళలా మాట్లాడతారు" అని కొన్నాళ్ళు వాళ్ళనే తిట్టుకుంది. అందరూ ఒకేసారి గొణుగుడు నేర్చుకోరు కదా, నిజం ఆవిడకూ అర్థమైంది. అప్పటినుంచి పెదాలు చూసి మాట పట్టడం అలవాటు చేసుకుంది. పెదాలు కనబడనప్పుడు తల ఊపి "ఆఁ" అనడం అలవాటు చేసుకుంది. ఈ "ఆఁ" ఎంత గొప్ప మాటో చెవులున్నవాళ్ళకు తెలియదు. పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి సరిపోతుంది. పదోదాని దగ్గరే తేడా కొడుతుంది. ఒకసారి మరదలు "పాలు విరిగిపోయాయి వదినా" అంటే "ఆఁ, మంచిదే" అంది. ఇల్లంతా నవ్వింది. తనూ నవ్వేసింది, కావాలని అన్నట్టు.

ఇంత దాపరికం ఎందుకంటే, వాళ్ళ నాన్నకు చివర్లో ఇదే జబ్బు. నలుగురూ కూర్చుని నవ్వుకుంటుంటే మంచం మీంచి తల ఎత్తి "ఏమిటే?" అని అడిగేవాడు. మొదట్లో చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పేవాళ్ళు. అరిచి చెప్పాక ఏ హాస్యానికి మాత్రం రుచి ఉంటుంది? అందుకని మానేశారు. "ఏమిటే?" "ఏం లేదులే నాన్నా." "ఎవరే వచ్చింది?" "ఏం లేదులే." నాలుగేళ్ళు ఆ పెద్దమనిషి గోడ పక్కన పడుకుని ఆ మాటే తిని బతికాడు. గోడలకు కూడా చెవులుంటాయంటారు, ఆయనకు మాత్రం లేకపోయాయి. ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు ఆ మాట అన్నది చీలలక్కే. ఆ సంగతి ఆవిడకు తెలుసు. మతిమరుపు మనిషి అనిపించుకున్నా సరే, పొగరుబోతు అనిపించుకున్నా సరే, చెవుడు మాత్రం బయటపడకూడదని ఒట్టు పెట్టుకుంది.

మరి చీలల పరీక్ష మాటేమిటి? దానికీ ఉపాయం కనిపెట్టింది. అటక మీద ఎడమ బుట్టలో పాతవి, కుడి బుట్టలో కొత్తవి. ఎడమ బుట్ట ఖాళీ అయ్యేనాటికి కుడి బుట్టకు ఆరు నెలలు నిండుతాయి, అప్పుడు దాన్ని ఎడమకు జరుపుతుంది. చెవి పక్కన కొట్టి చూడటం నలుగురి కోసం. రెండేళ్ళలో ఒక్క తప్పు రాలేదు. చెవి లేకపోయినా లెక్క ఉంది కదా అనుకుంది.

మేస్త్రి తన కూతురికి ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల చీలలక్కకు మేనకోడలు, అరచేతుల్లో పెంచిన పిల్ల. భర్త గడియారాలు బాగుచేస్తాడు, నెమ్మదైనవాడు. కప్పుకు మొత్తం అరవై నాలుగు చీలలు కావాలి. మొదటి విడత నలభై ఎడమ బుట్టలోంచి తీసి ఇచ్చింది. రెండో విడత ఇరవై నాలుగు ఇవ్వడానికి ముందురోజు మరదలు వంటింటికి సున్నం కొట్టింది. సున్నం కళ్ళల్లో, ముక్కులో పడకుండా ముఖానికి గుడ్డ కట్టుకుని, పీట మీద నిలబడి, గోడ వైపు తిరిగి కుంచె ఆడిస్తూనే చెప్పింది.

"వదినా, అటక మీద బుట్టలు దించి మళ్ళీ పెట్టాను. అటుది ఇటు, ఇటుది అటు అయిపోయింది. చూసుకో."

చీలలక్కకు గుడ్డ కనబడింది, గుడ్డ వెనక ఏదో కదిలినట్టు కనబడింది.

"ఆఁ" అంది.

మర్నాడు ఎడమ బుట్టలోంచి ఇరవై నాలుగు తీసింది. అరచేతిలో కాస్త బరువు తగిలిందన్న మాట నిజం. మబ్బు రోజులు, చెమ్మ లాక్కుని ఉంటాయిలే అనుకుంది. చెవి పక్కన పెట్టుకుని కొట్టింది. ఏమీ వినబడలేదు, రోజూలాగే. గోనె సంచిలో పోసి పంపేసింది. అక్కడ మేస్త్రి మొదటి విడతలో మిగిలినవాటితో కలిపేసి, చేతికి ఏది వస్తే అది దిగ్గొట్టాడు. చీలల మంచిచెడ్డలు చూడటం అతని పని కాదు కదా. కొసలు కోసి దూలానికి సమంగా చిత్రిక పట్టాడు. పైన పెంకు కప్పారు.

రెండు నెలల తర్వాత మేనకోడలు భోజనానికి రమ్మంటే మేస్త్రి, మరదలు, చీలలక్క ముగ్గురూ వెళ్ళారు. ఇల్లు కళకళలాడుతోంది. గోడల నిండా గడియారాలు. నడిమి దూలానికి ఉయ్యాల కట్టి ఉంది, అందులో ఐదు నెలల పాప. మేనకోడలు ఎదురుగా కూర్చుని ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ మాట్లాడుతోంది కాబట్టి పెదాలు బాగా అందాయి.

"మా దూలం పాట పాడుతుంది తెలుసా అత్తా! రెండు వారాలనుంచి ఉయ్యాల ఊపితే చాలు, కిర్రు కిర్రుమంటూ ఒకటే రాగం. ఆ పాట వినకపోతే ఇది కళ్ళు మూయదు."

"తాడు రాసుకుని ఉంటుందే" అన్నాడు మేస్త్రి.

"తాడు మార్చాను మామయ్యగారూ. తాడుది కాదు, దూలానిదే ఆ గొంతు" అని అల్లుడు మూతి సున్నాలా చుట్టి దూలాన్ని అనుకరించాడు. అందరూ విరగబడి నవ్వారు.

చీలలక్క కూడా నవ్వినట్టే మొహం పెట్టింది. సరిగ్గా బిగిసిన కప్పు పాడదు. వంద మంది కింద గంతులేసినా నోరెత్తదు. అతుకులో ఎక్కడో కొయ్య కొయ్యను రాసుకుంటేనే ఆ కిర్రు. ఆ ఇంట్లో ఆ చప్పుడుకు అర్థం తెలిసిన మనిషి తనొక్కతే, ఆ చప్పుడు వినబడనిదీ తనొక్కతే. మిగతా అందరూ దాన్ని జోలపాట అనుకుని రెండు వారాలుగా మురిసిపోతున్నారు.

తల ఎత్తి అతుకులన్నీ ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది.

"ఏం పెద్దమ్మగారూ, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారా?" అన్నాడు అల్లుడు ఎదురుగా వచ్చి. మళ్ళీ నవ్వులు. ఈసారి ఆవిడకు నవ్వు నటించడం కూడా చేతకాలేదు. ఉయ్యాల కట్టిన దూలం స్తంభంలోకి దిగిన చోట చీల చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత కనబడింది. ఆ పక్కదానికి కూడా. ఆ చివర ఇంకొకదానికి ఉందో లేదో, కళ్ళు అంత దూరం ఆనలేదు.

ఇంటికి రాగానే బుట్టలు దించి, ఒక్కో దాంట్లోంచి ఒక్కో చీల తీసి మొద్దు మీద పెట్టి చీల్చింది. బాగా ఎండిన చీల లోపల కూడా పొడిగా ఉంటుంది, పచ్చిదానికి నడుమ చెమ్మ మిగిలే ఉంటుంది. పైన పొగకు రెండూ ఒకేలా నల్లబడ్డాయి, లోపల మాత్రం చెమ్మ దాగదు. కుడి బుట్టలోది పొడిగా విడిపోయింది, ఎడమ బుట్టలోది చెమ్మగా. పాతవి కదలకుండా ఇక్కడే కూర్చున్నాయి. తను పంపినవి చెక్కి నెల కూడా నిండనివి.

చీల్చిన ముక్కలు కొంగులో వేసుకుంది. లేచి తమ్ముడి దగ్గరకు వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్, బుట్టలు తారుమారయ్యాయిరా. రెండో విడత ఇరవై నాలుగూ పచ్చివి."

మరదలే ముందు తేరుకుంది.

"అయ్యో వదినా, నేను చెప్పానుగా! సున్నం కొట్టిన రోజు, బుట్టలు మారాయి చూసుకోమన్నాను. నువ్వు ఆఁ అన్నావు కూడానూ!"

ఆ గుడ్డ వెనక కదిలిన మాట ఇదన్నమాట. చీలలక్క ముందు రెండు మాటలున్నాయి. వినబడలేదు అనొచ్చు, మర్చిపోయాను అనొచ్చు. రెండింట్లో ఒకటి నిజం.

"మర్చిపోయాను" అంది.

మేస్త్రి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకు అనిపించింది. అతను సుద్దముక్కతో నేల మీద కప్పు గీసి లెక్కలు వేశాడు. ఒకటీ రెండూ అయితే దూలం కింద ఊతకర్ర పెట్టి బరమాతో తొలిచి తీసేయొచ్చు. ఇరవై నాలుగైనా రెండు రోజుల్లో అయిపోతుంది. కానీ ఏ ఇరవై నాలుగు? అరవై నాలుగూ పీకాలంటే అన్ని అతుకులూ వదులైపోతాయి, ముందు పెంకు మొత్తం దించాలి. ఆకాశం చూస్తే నిండుకుండలా ఉంది. వానలు మొదలయ్యాయంటే ఇంట్లో వాన పడుతుంది, అది ఒకటి. కొయ్యంతా చెమ్మ లాగి ఉబ్బిపోయి పచ్చి చీల కూడా పెద్దమనిషిలా మోగుతుంది, అది రెండోది. ఆ తర్వాత దొంగను పట్టడం ఎవరి తరమూ కాదు.

"నీకేం భయం లేదక్కా" అన్నాడు చివరికి, ఆవిడ భుజం పట్టుకుని. "నీ చెవి ఉంది కదా. రేపు పొద్దున్నే నేను నిచ్చెన ఎక్కి ఒక్కోటీ కొడతాను, నువ్వు కింద నిలబడి విను. ఏది పచ్చిదో నువ్వు చెప్పు, దాని అంతు నేను చూస్తాను."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నోరు తెరిచింది కూడా, కానీ తమ్ముడి ముఖంలో ఆ ధీమా చూశాక మాట వెనక్కి పోయింది. ముప్పై ఏళ్ళ ధీమా అది.

పొద్దున వెళ్ళేసరికి మేనకోడలు ఉయ్యాల విప్పేసి పాపను చంకనేసుకుని నిలబడింది. అల్లుడు గోడల వెంట తిరుగుతూ ఒక్కో గడియారం లోలకాన్నీ వేలితో ఆపుతున్నాడు.

"పెద్దమ్మగారికి ఈ టిక్కుటిక్కులు అడ్డం రాకూడదని" అన్నాడు.

చీలలక్క ఆ లోలకాల వంక చూసింది. అవి ఊగుతున్నప్పుడూ, ఆగినప్పుడూ ఆవిడకు తేడా ఏమీ లేదు. మరదలు వీధి తలుపు మూసింది. పాప నోట్లో వేలు పెట్టారు. అందరూ ఊపిరి బిగబట్టి ఆవిడ ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. రెండేళ్ళుగా ఆవిడ ఒంటరిగా ఉంటున్న నిశ్శబ్దంలోకి ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడ్డారు, ఒక్క పొద్దుటికి.

మేస్త్రి మూల స్తంభం దగ్గర నిచ్చెన ఎక్కి గూటంతో కొట్టాడు. గూటం వెళ్ళి చీలకు తగలడం కనబడింది.

"ఏమంటావు?"

మూల స్తంభాలు మొదటి విడతలో ఎత్తినవి, కొన్ని చీలలే తర్వాత పడి ఉంటాయి. అక్కడివి చాలావరకు మంచివే అయి ఉండాలి. "ఎండుదే" అంది. రెండోది. "ఎండుదే." మూడోదానికి కాస్త ఆగి, తల పక్కకు వంచి, ఆలోచిస్తున్నట్టు కళ్ళు మూసి తెరిచి, "ఎండుదే" అంది. నల్ల గీత కనబడినవాటికి "పచ్చిది" అంది, మేస్త్రి వాటి మీద సుద్దతో గుర్తు పెట్టాడు. కొట్టేవాడి ముఖం చూసింది, వినేవాళ్ళ ముఖాలు చూసింది, ఎక్కడైనా కనుబొమ్మ ముడిపడుతుందేమోనని. వాళ్ళంతా జవాబు కోసం ఆవిడ ముఖమే చూస్తున్నారు. చెవిటి మేళం అంటారే, అదే, కాకపోతే ఎవరూ నవ్వడం లేదు.

నడిమి దూలం రెండో కొసకు వచ్చింది. అక్కడ గీత ఏమీ కనబడలేదు. మొదటి విడతో రెండో విడతో ఊహించడానికీ ఆధారం లేదు. మేస్త్రి కొట్టాడు.

"ఎండుదే" అంది.

మేస్త్రి ముఖం విప్పారింది. కూతురి వైపు తిరిగి అన్న మాట పెదాల మీద స్పష్టంగా కనబడింది. "ఈ కొస గట్టిగానే ఉందమ్మా. ఉయ్యాల ఇటు జరిపి కట్టేసుకో, పాపం దానికి నిద్ర చాల్లేదు."

మేనకోడలు పాపను తన తల్లికి అందించి తాడు తీసుకుంది. తాడు కొస దూలం మీదుగా వెళ్ళి ఇవతలకు జారింది. ముడి వేయడానికి రెండు చేతులూ ఎత్తింది.

"కట్టొద్దు!"

ఎంత గట్టిగా అరిచిందో ఆవిడకు తెలియదు. పాప నోరు తెరుచుకుని ముఖం ఎర్రబడటం చూసి, చాలా గట్టిగానే అయి ఉంటుందనుకుంది.

"కట్టకే తల్లీ. అది ఎండుదో పచ్చిదో నాకు తెలియదు."

"ఇంకోసారి కొట్టనా అక్కా?" అన్నాడు మేస్త్రి.

"ఎన్నిసార్లు కొట్టినా అంతేరా. నాకు వినబడటం లేదు. రెండేళ్ళయింది. ఆ రోజు నీ పెళ్ళాం చెప్పిందీ వినబడలేదు. మర్చిపోవడం కాదు, వినబడలేదు."

మేస్త్రి గూటం పట్టుకుని నిచ్చెన మీదే ఉండిపోయాడు. మరదలు పాపను సముదాయించడం మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది.

అల్లుడే ముందుకొచ్చాడు. నెమ్మదైనవాడని చెప్పానుగా, ఎదురుగా నిలబడి, పెదాలు బాగా తెరిచి, నెమ్మదిగా మాట్లాడాడు. "నా చెవి మంచిదే పెద్దమ్మగారూ. చేతి గడియారం గుండె చప్పుడు విని రోగం చెప్పేస్తాను. ఎలా ఉండాలో మీరు చెప్పండి, నేను వింటాను."

"కంచులా ఉండాలి బాబూ."

మేస్త్రి కొట్టాడు. "కంచులాగే ఉందండీ." పక్కది కొట్టాడు. "ఇదీ కంచే. కాస్త మెత్తటి కంచు."

"మెత్తగా అంటే ఎంత మెత్తగా?"

మేనకోడలు "ఇందాకటిది టక్కుమంది, ఇది టొక్కుమంది అత్తా" అంది. మరదలు "రెండూ టక్కే కదే" అంది. "నాకన్నీ ఒకేలా మోగుతున్నాయి" అన్నాడు మేస్త్రి. వాళ్ళ దగ్గర ఎనిమిది చెవులున్నాయి. వాటిలో పడుతున్న చప్పుడుకు అర్థం ఆవిడ ఒక్కదాని బుర్రలో ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వింటే చాలు, అరవై నాలుగింటి జాతకం చెప్పేస్తుంది. ఆ ఒక్కసారి ఎక్కడా దొరకదు.

తమ్ముణ్ణి పక్కన బల్ల ఎక్కించి, తనే నిచ్చెన ఎక్కింది. వద్దంటున్నా వినలేదు, అంటే నిజంగానే వినలేదు. దూలానికి నుదురు ఆనించి కొట్టమంది. పళ్ళతో కొయ్యను కరిచి పట్టుకుని కొట్టమంది. దెబ్బ ఎముకల్లోకి వచ్చింది, కానీ అది చీలదో, దూలానిదో, నిచ్చెన మీద వణుకుతున్న తన మోకాళ్ళదో తేల్చుకోలేకపోయింది. నాలుగు చీలలకు అలా చేశాక మేస్త్రి నడుము పట్టుకుని కిందికి దించాడు.

ఇక చేసేదేమీ లేదు. ఊతకర్రలు తెచ్చారు. ప్రతి దూలం కిందా రెండేసి, నడిమి దూలం కింద నాలుగు. మంచాలు, పాప బట్టలు, గడియారాల సామాను వెనకున్న వంటింటి పాకలోకి మోశారు. వానలు వెళ్ళేదాకా అక్కడే. ఆ తర్వాత పెంకు దించి, అరవై నాలుగూ తొలిచి, మళ్ళీ అరవై నాలుగు కొట్టాలి. వాటిని చెక్కేదెవరో, ఎండాయని చెప్పేదెవరో ఆ పూట ఎవరూ మాట్లాడలేదు. "ఈలోగా గాలివాన వస్తే?" అని మేనకోడలు అడిగింది. మేస్త్రి ఇంకో ఊతకర్ర ఎత్తుకున్నాడు. కొత్త ఇల్లు కొయ్యల అడవిలా తయారైంది, అటునుంచి ఇటు రావాలంటే పక్కకు తిరిగి నడవాల్సి వస్తోంది.

చివరి ఊతకర్ర మొదలు కదలకుండా చీలలక్క రెండు చేతులతో పట్టుకుంది. మేస్త్రి ఆవిడకు వీపు పెట్టి, పైన దూలానికీ కర్రకూ మధ్య సందు బిగించే ఆప్పు చెక్క కొడుతున్నాడు. కొడుతున్నవాడు ఆగాడు. వెనకనుంచి అతని దవడ కదలడం కనబడింది. ఏదో అంటున్నాడు. చిన్న మాట కాదు, చాలాసేపు అన్నాడు. మధ్యలో ఒకసారి తల ఊపాడు, ఒకసారి గూటం ఉన్న చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మరదలు ముఖం పక్కకు తిప్పుకుంది. మేనకోడలి కళ్ళు నిండాయి. అల్లుడు నేల చూశాడు. తర్వాత ముగ్గురూ చీలలక్క వంక చూశారు, జవాబు కోసం.

తిట్టాడా? ఓదార్చాడా? నాన్న మాట ఎత్తాడా? ముందే చెప్పి ఉంటే ఏం పోయేదని అడిగాడా? "ఆఁ" నాలుక కొసదాకా వచ్చింది. మింగేసింది. జన్మలో ఇక ఆ మాట అనకూడదనుకుంది.

"ఏమన్నావురా? ఇటు తిరిగి చెప్పు."

మేస్త్రి తిరిగాడు. అక్క ముఖంలోకి చూశాడు. పెదాలు కదలబోయి ఆగాయి. అంత మాటనూ మళ్ళీ మొదటినుంచి అనే ఓపిక అతని ముఖంలో లేదు. ఒక్క చిన్న మాట అన్నాడు. పెదాల మీద చదవడానికి అంతకంటే తేలికైన మాట ఆవిడకు ఇంకోటి లేదు, ఒకప్పుడు నాలుగేళ్ళపాటు రోజూ తను అన్నదే.

"ఏం లేదులే అక్కా."

మళ్ళీ అటు తిరిగి ఆప్పు కొట్టుకోసాగాడు. ఊతకర్ర ఆవిడ అరచేతుల్లో అదిరింది.